ఆడకముందే మార్కులా?

పరీక్ష రాయని పిల్లాడికి మార్కులు వేయమంటే ఏ పంతులమ్మయినా నవ్వుతుంది. గుంటూరులో పన్నెండేళ్లపాటు ఏడో తరగతి పేపర్లు దిద్దినదాన్ని కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. కానీ అమెరికాలో ఏటా ఏప్రిల్ నెలాఖరున అచ్చంగా ఈ పనే చేస్తారు. అదీ చాటుమాటుగా కాదు, టీవీల్లో, పేపర్లలో, కోటిమందికి పైగా చూస్తుండగా!

మావారి ఉద్యోగం పుణ్యమా అని మేం డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటున్నాం. తెలుగువాళ్లు దండిగా ఉన్న ఊరు. ఆంజనేయస్వామి గుడి ఉంది. గోంగూరకీ ములక్కాడలకీ లోటు లేదు. ‘డాలస్ కౌబాయ్స్’ అనే ఫుట్‌బాల్ జట్టు కార్యాలయం, ప్రాక్టీసు మైదానం కూడా 2016 నుంచి ఇక్కడే ఉన్నాయి. ఈ ఊళ్లో ఉంటూ ఆ ఆట గురించి నాకేం తెలీదంటే, తిరుపతిలో కాపురముంటూ లడ్డూ ఎరగనన్నట్టే. మా అబ్బాయి పదకొండో క్లాసు చదువుతున్నాడు. వాడు నేర్పిందీ, మా ఎదురింటి పెద్దావిడ చెప్పిందీ కలిపి నాకు వంటబట్టిన సంగతులు మీతో పంచుకోవాలనిపించింది. ఆటల పేజీలో రావలసిన విషయం మన పేజీలో ఎందుకంటారా? కాస్త ఓపిక పట్టి చదవండి, మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. మనం ఫుట్‌బాల్ అనేది వేరు. ఇది బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఆ బంతి కూడా గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా మొనదేలి ఉంటుంది. ఒక్కో పక్క పదకొండు మంది. ఎవరి పని వారిదే. బంతిని విసిరే నాయకుణ్ణి ‘క్వార్టర్‌బ్యాక్’ అంటారు. పెళ్లిపందిట్లో పెళ్లికొడుకు లాంటివాడన్నమాట, అందరి కళ్లూ అతడి మీదే. అతడి ముందు గోడలా నిలబడి, మీదికొచ్చేవాళ్లను అడ్డుకునే భారీ మనుషులు అయిదుగురు. వాళ్ల సంగతి తర్వాత చెబుతాను. నిజానికి నాకు ఇష్టమైనవాళ్లు వాళ్లే.

ఓడినవాడికే ముందు వడ్డన

ఈ పోటీల పేరు ఎన్‌ఎఫ్‌ఎల్. 32 జట్లు ఆడతాయి. కాలేజీల్లో ఆడి పైకొచ్చిన కుర్రాళ్లను ఈ జట్లు పంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. 1936లో మొదలైంది. మన ఐపీఎల్‌లోలాగా వేలం పాట ఉండదు, వంతులుంటాయి. కిందటేడు అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి వంతు. కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. ఇలా ఏడు రౌండ్లు, మూడు రోజులు. 2025లో అయితే మొత్తం 257 మందిని ఎంచుకున్నారు. పిల్లాడి ఇష్టాయిష్టాలతో పనిలేదు. ఏ ఊరి జట్టు పేరు పిలిస్తే ఆ ఊరికి పెట్టె సర్దుకోవాల్సిందే. (ఇది చదవగానే మనలో చాలామందికి సొంత అనుభవమే గుర్తొస్తుందేమో!)

వంతుల్ని జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు కూడా. “నా మూడో వంతు నీకిస్తా, నీ పన్నెండో వంతుతోపాటు వచ్చే ఏడాదిదీ ఆపై ఏడాదిదీ ఇవ్వు” అని బేరాలు. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చేవాడి దగ్గర మనం చేసే బేరానికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు నాకు. గిన్నె మందం చూసుకుని ఒప్పుకున్నవాళ్లే గెలుస్తారు ఇక్కడా.

జాన కొలిచి, పరుగు పెట్టించి

డ్రాఫ్టుకు రెండు నెలల ముందు ఇండియానాపొలిస్ నగరంలో ‘కంబైన్’ జరుగుతుంది. మూడొందల మందికి పైగా కుర్రాళ్లను పిలిచి, ఒంటిమీద చాలీచాలని బట్టలతో నిలబెట్టి ఎత్తు, బరువు, చేతుల పొడవు రాసుకుంటారు. 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడో చూస్తారు. 102 కిలోల బరువును ఎన్నిసార్లు పైకి లేపాడో లెక్కపెడతారు. క్వార్టర్‌బ్యాక్‌ అయితే అరచెయ్యి చాపమని బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలుస్తారు. మన జాన! 2020లో జో బరో అనే కుర్రాడి జాన తొమ్మిదంగుళాలే వచ్చిందని పెద్ద గొడవ. అంత చిన్న చేతిలోంచి బంతి జారిపోతుందన్నారు. ఆ ఏడు మొదటి వంతున అతణ్ణి సిన్సినాటి తీసుకుంది. అతడు రెండో సీజన్లోనే ఆ జట్టును ఫైనల్ పోటీ అయిన సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. చేతిలోంచి ఏమీ జారలేదు.

తెలివితేటలకు కూడా ఒక పరీక్ష ఉండేది. 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు. దాన్ని 2022లో కంబైన్ నుంచి తీసేశారు. మంచిపని చేశారు.

ఈ తంతు మొదటిసారి టీవీలో చూసినప్పుడు మావారు ఎంతో ఆసక్తిగా చూస్తుంటే నాకు మాత్రం పెళ్లిచూపులే గుర్తొచ్చాయి. ఓసారి అటు నడువమ్మా... ఓ పాట పాడమ్మా... జడ సొంతమేనా, సవరమా... కాఫీ నువ్వే కలిపావా... అదే మాట పైకి అంటే మావారు “వీళ్లకి కోట్లు ఇస్తారు కదే” అన్నారు. నిజమే. ఇక్కడ చూడటానికొచ్చినవాళ్లు డబ్బిస్తారు, అక్కడ మనం ఇచ్చుకునేవాళ్లం. అంతకుమించి తేడా ఉంటే చెప్పండి.

కొలతలన్నీ పనికిరావని కాదు. ఈ ఆటకు వేగం కావాలి, బలం కావాలి. కానీ టేపు చెప్పేది ఎక్కడిదాకా? 2017లో జాన్ రాస్ అనే కుర్రాడు 40 గజాలను 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటికి రికార్డు సృష్టించాడు. తొమ్మిదో వంతున తీసుకున్నారు. పాపం, గాయాలు వెంటాడి, ఆశించినంతగా ఆడలేకపోయాడు. అదే పరుగుకు 5.28 సెకన్లు తీసుకున్నాడు టామ్ బ్రాడీ. 2000 సంవత్సరం డ్రాఫ్టులో 198 మందిని పిలిచాక గానీ అతడి పేరు పిలవలేదు. అతడికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారు. ఆ 199వ వాడు తర్వాత ఏడు సూపర్ బౌల్ కప్పులు గెలిచాడు. ఇంతవరకు ఏ ఆటగాడూ అన్ని గెలవలేదు. ఏళ్లు గడిచాక ఒక డాక్యుమెంటరీలో ఆ రోజు గురించి అడిగితే, అమ్మానాన్నల మాట రాగానే ఆయన మాట పెగలక కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఏడు కప్పులు గెలిచినా ఫోను మోగని ఆ గంటలు మర్చిపోలేదన్నమాట!

మర్నాడే గ్రేడ్లు

ఇక అసలు విషయానికొస్తాను. డ్రాఫ్టు ముగిసిన మర్నాడు పేపర్లనిండా గ్రేడ్లు. ఈ జట్టుకు ఎ, ఆ జట్టుకు బి మైనస్, ఫలానా జట్టుకు డి... ఒక్క కుర్రాడూ ఇంకా ఒక్క ఆటా ఆడలేదు! మరి దేన్ని చూసి వేస్తున్నారు ఈ మార్కులు? మా అబ్బాయిని అడిగితే, “వీడు నలభైలో వెళతాడని అందరూ అనుకుంటే వీళ్లు ఇరవైలోనే తీసేసుకున్నారమ్మా, అందుకని మార్కులు తగ్గించారు” అన్నాడు. అంటే నలుగురూ అనుకున్నదానితో పోల్చి వేసే మార్కులన్నమాట. సంబంధం కుదరగానే “ఆ అమ్మాయికి ఇంకా మంచి సంబంధం వచ్చేదే” అని పెళ్లిపందిట్లో గుసగుసలాడతారు చూడండి... అదే లెక్క.

మా ఎదురింటి పెద్దావిడ ముప్పయ్యేళ్లు ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయింది. కౌబాయ్స్ అంటే ప్రాణం. ఆవిడకో అలవాటుంది. డ్రాఫ్టు మర్నాడు వచ్చిన గ్రేడ్ల కాగితం కత్తిరించి వంటింటి సొరుగులో పడేస్తుంది. మూడేళ్లు ముట్టుకోదు. మూడేళ్లయ్యాక బయటికి తీసి, ఎర్ర పెన్నుతో తన మార్కులు వేస్తుంది. “మొదటి రోజు మార్కులు ఎందుకు వేయవు?” అని అడిగా ఓసారి. “నా చేతుల మీదుగా ఎందరో బిడ్డలు పుట్టారు. బరువు చెప్పగలను, ఏడుపు గట్టిగా ఉందో లేదో చెప్పగలను. పెద్దయ్యాక ఏమవుతారో చెప్పమని ఏ తల్లీ నన్నడగలేదు” అంది.

ఆవిడ సొరుగులో 2012 కాగితం చూపించింది. ఆ ఏడు సియాటిల్ జట్టు ఎంపికలను చాలామంది తప్పుబట్టారు, ఒక విశ్లేషకుడైతే ఏకంగా ఫెయిల్ చేశాడు. ఆ జట్టు 47వ వంతున తీసుకున్న బాబీ వాగ్నర్, 75వ వంతున తీసుకున్న రస్సెల్ విల్సన్ ఇద్దరూ మేటి ఆటగాళ్లయ్యారు. విల్సన్ అయిదడుగుల పదకొండంగుళాలు కూడా లేడు, క్వార్టర్‌బ్యాక్‌కు ఆ ఎత్తు చాలదన్నారు. ఇద్దరూ రెండో సీజన్లోనే, 2014 ఫిబ్రవరిలో, సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నారు. ఫెయిల్ చేసిన మాస్టారు మళ్లీ పేపరు దిద్దారో లేదో మరి!

వస్తువు ఒకటే, ధర చూడాలి

ఎదురింటావిడ మూడేళ్ల తర్వాత వేసే మార్కులు కూడా “ఎవరు బాగా ఆడారు?” అని కాదు. “ఎంత పెట్టి తెచ్చారు, ఎంత పని జరిగింది?” అని. ఇది మనకు కొత్త కాదు. పదివేల పట్టుచీర రెండు పెళ్లిళ్లకి కట్టి పెట్టెలో పెట్టేస్తాం. మూడొందల నేతచీర ఆరేళ్లు రోజూ కట్టుకుంటాం. ఏది మంచి కొనుగోలు?

వంతులకు ధర కట్టడం మొదట బాగా నేర్చుకుంది మా డాలస్ వాళ్లేనట. 1991లో జట్టు వాటాదారు, ఇంజనీరు అయిన మైక్ మెకాయ్ ఒక పట్టిక తయారుచేశాడు. మొదటి వంతు 3,000 పాయింట్లు, రెండోది 2,600, ముప్పైరెండోది 590... ఇలా కిందికి దిగుతుంది. అప్పటి కోచ్ జిమ్మీ జాన్సన్ ఈ కాగితం చేతిలో పెట్టుకుని ఎడాపెడా బేరాలాడాడు. అంతకుముందే 1989లో తన జట్టులో అందరికన్నా పేరున్న హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటా జట్టుకిచ్చేసి, బదులుగా బోలెడు వంతులు రాబట్టాడు. డాలస్ జనం అప్పుడు తిట్టిపోశారట. తర్వాత 1992, 1993, 1995 సీజన్లలో మూడు కప్పులు వచ్చాయి.

క్రమంగా ఆ పట్టికనే మిగతావాళ్లూ వాడుకున్నారు. కానీ దాన్ని తప్పుబట్టినవాడూ ఉన్నాడు. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అనే మరో ఆచార్యుడితో కలిసి ఈ డ్రాఫ్టు మీద పరిశోధన చేశాడు. వాళ్లు తేల్చిందేమిటంటే జట్లు మొదటి వంతులకు కట్టే ధర మరీ ఎక్కువ. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు పిలిచినవాడు, వాడి వెనకాలే పిలిచినవాడికన్నా మెరుగ్గా ఆడతాడా అని చూస్తే... బొమ్మా బొరుసా వేసినదానికన్నా కాస్తంతే నయం! పెద్దపెద్ద జీతాలు తీసుకుని, ఏడాదంతా ఊళ్లు తిరిగి కుర్రాళ్లను చూసొచ్చే నిపుణుల సంగతి ఇది.

జీతాలు కూడా అలాగే ఉండేవి. 2010లో మొదటి వంతున వెళ్లిన శాం బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం రాశారు, ఒక్క ఆటా ఆడకముందే. ఏళ్లతరబడి ఒళ్లు హూనం చేసుకున్న పాతవాళ్లకు మండదూ మరి? 2011లో నిబంధన మార్చి కొత్తవాళ్ల జీతాలకు కళ్లెం వేశారు. ఆ ఏడు మొదటి వంతున వెళ్లిన కాం న్యూటన్‌కు నాలుగేళ్లకు 2 కోట్ల 20 లక్షలే వచ్చింది. “వచ్చింది 2 కోట్ల డాలర్లే!” అని రాయడం నాకే నవ్వొస్తోందనుకోండి.

ఒకే ఇంట్లో ఇద్దరు

ధర సంగతి తెలియాలంటే శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు కథ వినాలి. 2021లో ఆ జట్టు మూడేళ్ల మొదటి రౌండు వంతుల్ని ధారపోసి మూడో వంతు కొనుక్కుంది. ట్రే లాన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంది. మరుసటి ఏడు, 2022లో, డ్రాఫ్టు మొత్తానికి చివరి వంతు, 262వది, కూడా ఆ జట్టుదే అయింది. చివరివాడికి ఇక్కడ ‘మిస్టర్ ఇర్రెలవెంట్’ అని బిరుదు. లెక్కలో లేని మనిషి అని అర్థం. 1976 నుంచి ఉన్న వేడుక ఇది. పిలిచి విందుచేసి, సరదాగా బహుమతులిచ్చి పంపుతారు. సరదానే కావచ్చు గానీ ఆ పిల్లాడి తల్లికెలా ఉంటుందో అనిపిస్తుంది నాకు. ఆ ఏటి ‘లెక్కలో లేని మనిషి’ పేరు బ్రాక్ పర్డీ.

లాన్స్‌కు చీలమండ విరిగింది. మరో క్వార్టర్‌బ్యాక్‌కూ పాదం విరిగింది. ఇక గత్యంతరం లేక పర్డీని దింపారు. దింపితే గెలవడం మొదలుపెట్టాడు! 2024 ఫిబ్రవరిలో జట్టును సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు (ఓడిపోయారనుకోండి). 2023లో అతడి జీతం 8 లక్షల 70 వేల డాలర్లు. ఆ జట్టులో పెద్ద ఆటగాళ్ల జీతాల ముందు అది చిల్లర. 2025లో అయిదేళ్లకు 26 కోట్ల 50 లక్షల డాలర్లతో కొత్త ఒప్పందం రాసుకున్నారు. మూడు మొదటి వంతులు పెట్టి తెచ్చిన లాన్స్‌ను మాత్రం ఆ జట్టు తరఫున నాలుగే ఆటల్లో మొదటి నుంచి ఆడించి, 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండు వంతుకు డాలస్‌కు ఇచ్చేసింది.

ఇందులో లాన్స్ చేసిన పాపమేముంది చెప్పండి? ఆ ధర అతడు అడిగాడా? తన మీద వేలాడదీసిన చీటీ తను రాసుకున్నది కాదు. ఎముక విరగడం తన చేతిలో లేదు. ఇప్పటికీ అతడి పేరు రాగానే “దండగ” అనే మాటే వినిపిస్తుంది.

దీనికి ఎదురుగా గ్రీన్‌బే జట్టును చూడండి. 2020లో 26వ వంతున జోర్డాన్ లవ్ అనే కుర్రాణ్ణి తెచ్చుకుని, మూడేళ్లు పక్కన కూర్చోబెట్టి నేర్పించారు. ఊరంతా “ఎందుకు తెచ్చినట్టు?” అని నవ్వింది. 2023లో అవకాశమిస్తే ఆ ఏడే జట్టును నాకౌట్ పోటీలకు తీసుకెళ్లాడు. మూడేళ్లు ఆగే ఇల్లు దొరకడం కూడా అదృష్టమే. కొత్తకోడలు వచ్చిన వారానికే పులిహోరలో ఉప్పు తక్కువైందని పేరు పెట్టే ఇళ్లూ ఉన్నాయి, రెండేళ్లు పక్కన నిలబెట్టి ఆవకాయ పాళ్లు నేర్పే అత్తగార్లూ ఉన్నారు. ఏ ఇంట పడిందన్నది పిల్ల గుణంలో లెక్కేయకూడదు కదా!

మా డాలస్ వాళ్లకు ఇలాంటి అదృష్టమే కలిసొచ్చింది. 2016లో వాళ్లు పాక్స్‌టన్ లించ్ కావాలని ఎంత ప్రయత్నించినా డెన్వర్ తన్నుకుపోయింది. రెండో మొగ్గు కూడా వేరే జట్టుకు పోయింది. చివరికి 135వ వంతున డాక్ ప్రెస్కాట్‌తో సరిపెట్టుకున్నారు. ముగ్గురు మగపిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన తల్లి కొడుకతడు. ఆవిడ 2013లో క్యాన్సర్‌తో పోయింది. కొడుకు పేరు పిలవడం చూడలేదు. ప్రెస్కాట్ మొదటి ఏడే జట్టుకు పదమూడు విజయాలు తెచ్చాడు. 2024లో అతడికి ఏడాదికి 6 కోట్ల డాలర్ల ఒప్పందం రాశారు. కోరి తెచ్చుకోవాలనుకున్న లించ్ డెన్వర్ తరఫున మొదటి నుంచి ఆడినవి నాలుగాటలే.

ఈ లెక్కలన్నీ మా అబ్బాయికి కొట్టినపిండి. “గ్రేడ్లన్నీ ఉత్తివేనమ్మా” అని వాదిస్తాడు. అదే మా తెలుగువాళ్ల విందుకు తీసుకెళితే గొంతు పెగలదు. పదకొండో క్లాసు పిల్లాడు కనపడగానే అందరూ అడిగేది ఒకటే. శాట్‌లో ఎంత? జీపీఏ ఎంత? ఏ కాలేజీలకి అప్లై చేస్తున్నావ్? పళ్లెం పట్టుకుని మూలకెళ్లి కూర్చుంటాడు. కిందటి నెల అలాంటి విందులో ఒకావిడ నన్నే నేరుగా “మీవాడు ఏ ర్యాంకు కాలేజీ మెటీరియల్ అండీ?” అని అడిగింది. “మూడేళ్లయ్యాక చెబుతానండీ” అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు గానీ, మూలన కూర్చున్నవాడు నవ్వాడు.

లెక్కకు అందని పని

ఇప్పుడు నాకిష్టమైన ఆ అయిదుగురి సంగతి. క్వార్టర్‌బ్యాక్ ఎన్ని గజాలు విసిరాడో రాస్తారు. పట్టుకున్నవాడు ఎన్ని పట్టాడో రాస్తారు. పరిగెత్తినవాడు ఎంత పరిగెత్తాడో రాస్తారు. ముందు నిలబడి అడ్డుకున్న ఆ అయిదుగురి పేరు మీద స్కోరుబోర్డులో ఒక్క అంకె ఉండదు. పని సరిగ్గా జరిగితే ఎవరికీ కనపడదు, ఒక్కసారి తప్పితే స్టేడియమంతా చూస్తుంది. ఈ మాట విన్నాక మీకు ఎవరు గుర్తొచ్చారో నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే అయిదింటికి లేచి నాలుగు క్యారేజీలు కట్టినదాన్ని ఎవరూ మెచ్చుకోరు. ఒక్కరోజు కూరలో కారం ఎక్కువైతే ఇంటిల్లిపాదికీ నోరొస్తుంది.

2013లో డాలస్ 31వ వంతున ట్రావిస్ ఫ్రెడరిక్ అనే కుర్రాణ్ణి ఈ ముందు వరుసకు తీసుకుంది. విశ్లేషకులు పెదవి విరిచారు. కంబైన్‌లో నెమ్మదిగా పరిగెత్తాడు, ఇంకా కింద దొరికేవాడు, వంతు వృథా అన్నారు. ఎదురింటావిడ సొరుగులోంచి ఆ కాగితం తీసి చూపించింది. దాని మీద ఎర్ర పెన్నుతో కొట్టివేత, పక్కన పెద్ద ‘ఎ’. అతడు అయిదుసార్లు ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితాకు ఎంపికయ్యాడు. 2018లో నరాలను దెబ్బతీసే గిలన్ బారే జబ్బు చేసి ఏడాదంతా ఆటకు దూరమయ్యాడు. కోలుకుని మళ్లీ ఒక సీజన్ ఆడాడు. 2020లో తనంతట తానే తప్పుకున్నాడు.

మరుసటి ఏడు, 2014లో, ఇంకా తమాషా. జానీ మాంజెల్ అని కాలేజీ ఆటలో సినిమా హీరోకున్నంత పేరున్న క్వార్టర్‌బ్యాక్. 16వ వంతు డాలస్‌ది. అతడింకా మిగిలే ఉన్నాడు. జట్టు యజమాని జెర్రీ జోన్స్ మనసు అతడి మీదే ఉందని తర్వాత అందరికీ తెలిసింది. చుట్టూ ఉన్నవాళ్లు, సొంత కొడుకుతో సహా, సర్దిచెప్పి ముందు వరుసకు జాక్ మార్టిన్‌ను తీసుకునేలా చేశారు. టీవీ ముందు కూర్చున్న జనానికి చప్పగా అనిపించింది. మాంజెల్ క్లీవ్‌లాండ్ వెళ్లి రెండు సీజన్లకే ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి కనుమరుగయ్యాడు. మార్టిన్ పదకొండేళ్లు ఆడి, తొమ్మిదిసార్లు మేటి జాబితాలో చేరి, 2025లో గౌరవంగా రిటైరయ్యాడు.

మరి వాళ్లకి అంకెలు లేకపోతే విలువ ఎలా తెలుస్తుంది? ఒక దారుంది. 2014లో ఆ వరుస వెనక పరిగెత్తిన డిమార్కో ముర్రే 1,845 గజాలతో ఎన్‌ఎఫ్‌ఎల్ అంతటికీ మొదటి స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడు ఎక్కువ జీతానికి ఫిలడెల్ఫియా వెళ్లాడు. అక్కడ 702 గజాలు. మనిషి అతడే, కాళ్లు అవే. ముందున్న అయిదుగురే లేరు. వాళ్ల విలువ వాళ్ల దగ్గర కాదు, వాళ్లను వదిలి వెళ్లినవాడి అంకెల్లో కనపడింది. అమ్మ పదిరోజులు ఊరెళితే గానీ ఇంట్లోవాళ్లకు తెలియదంటారే, అలాగన్నమాట.

ఏమాట కామాటే, ఈమధ్య గణాంకాల వాళ్లు వీళ్లకీ ఒక మార్గం కనిపెట్టారు. జట్టు మొత్తం ఆటను చూసి అందులో ఒక్కొక్కరి వాటా ఇంత అని పంచుతారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరే ‘ఉజ్జాయింపు విలువ’ అనే అర్థం వచ్చేది. ఉజ్జాయింపు అని వాళ్లే ఒప్పుకున్నారు చూశారా, అది నాకు నచ్చింది.

భార్య చెప్పిన మాట

చివరగా అసలు ఏ జట్టూ పేరు పిలవనివాళ్ల గురించి. మూడో రోజు డ్రాఫ్టు ముగియగానే జట్లు ఫోన్లు అందుకుని మిగిలిపోయినవాళ్లలో పనికొస్తారనుకున్నవాళ్లను పిలుస్తాయి. ప్రెస్కాట్‌కన్నా ముందు డాలస్‌కు ఏళ్లతరబడి క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న టోనీ రోమో అలా 2003లో వచ్చినవాడే.

బ్రాండన్ ఆబ్రీకి ఆ ఫోను కూడా రాలేదు. వస్తుందని అతడు అనుకోనూ లేదు. కాలేజీలో మన ఫుట్‌బాల్, అదే సాకర్, ఆడేవాడు. 2017లో సాకర్ జట్ల డ్రాఫ్టులో మొదటి రౌండులోనే ఎంపికయ్యాడు గానీ అందులో ఎక్కువ కాలం నిలవలేదు. ఆట మానేసి డాలస్ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేరాడు. (అవును, మా వీధిలో సగంమంది లాగానే!) 2019లో ఓ రోజు భార్యతో కూర్చుని టీవీలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట చూస్తున్నాడు. ఈ ఆటలో కూడా బంతిని కాలితో తన్ని రెండు స్తంభాల మధ్యకు పంపే పని ఒకటుంది. దానికోసమే ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటాడు. అది చూస్తూ ఆవిడ, ఈ పని నువ్వూ చేయగలవు కదా అందట.

32 జట్లకూ నిపుణులున్నారు, కంప్యూటర్లున్నాయి, కంబైన్ ఉంది, టేపులున్నాయి. వాళ్లెవరికీ తట్టని సంగతి సోఫాలో కూర్చున్న ఒక ఇల్లాలికి తట్టింది. ఆయన ఆ మాట కొట్టిపారేయలేదు. ఉద్యోగం చేస్తూనే ఒక శిక్షకుడి దగ్గర తన్నడం నేర్చుకున్నాడు. రెండేళ్లు ఒక చిన్న లీగులో ఆడాడు. 2023లో డాలస్ పిలిచింది. అప్పటికి అతడికి 28 ఏళ్లు. వచ్చీ రావడంతోనే వరసగా 35సార్లు ఒక్కటీ తప్పకుండా స్తంభాల మధ్యకు కొట్టాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా మొదలుపెట్టినవాడు అంతకుముందు లేడు. మరుసటి ఏడు 65 గజాల దూరం నుంచి కూడా కొట్టాడు.

2023 డ్రాఫ్టుకు డాలస్‌కు వేసిన గ్రేడ్ల కాగితం ఎదురింటావిడ సొరుగులో ఉంది. ఆబ్రీ పేరు అందులో లేదు, ఉండే వీలూ లేదు. ఆవిడ కాగితం అంచున ఎర్ర పెన్నుతో ఆ పేరు రాసి, దాని పక్కన కుండలీకరణాల్లో ‘భార్య ఎంపిక’ అని చేర్చింది.